గోధుమకు చేసిన వైద్యం

ఆ కోడిపెట్టను అది పిల్లగా ఉన్నప్పుడు వాచ్‌మన్ భార్య చంద్రమ్మ వాసంతికిచ్చింది. ఒళ్లంతా గోధుమ రంగు కాబట్టి పేరు కూడా గోధుమే అయింది. చందానగర్‌లో వాళ్లది అయిదో అంతస్తు, పైన మేడంతా దాని రాజ్యం.

మొదటిసారి దాని గొంతు కింద మేత నిలిచే సంచి బిగుసుకుపోయింది వానాకాలంలో. పూలకుండీల్లో వేసిన కొబ్బరి పీచు తిన్నది. పశువుల దవాఖానలో డాక్టరు సంచి కోసి, బొటనవేలంత పీచు ఉండ తీసి కుట్లు వేశాడు. నెల తిరక్కుండా మళ్లీ ఉబ్బింది. ఈసారి ముక్కు తెరిస్తే పులిసిపోయిన పిండి వాసన.

మూడోసారి వాసంతి ఆఫీసుకు సెలవు పెట్టి ఒక్కతే తీసుకెళ్లింది. డాక్టరు రెండు వేళ్లతో సంచిని తడిమి చూశాడు.

"సంచి సాగిపోయిందమ్మా. ఇగ ఎన్నటికీ గట్టివడది. గింజలు బంద్ చేయుండ్రి, మెత్తటి అన్నం జర జర పెట్టుండ్రి. ఒక్కటి మాత్రం యాదుంచుకోండ్రి. నీళ్లు నిండినయని తలకిందులు పట్టి వొత్తొద్దు. ఆ నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతయి. నిమిషంల పానం పోతది."

వాసంతి తలూపింది. ఇంటికొచ్చి మందుల సంగతి, తిండి సంగతి భర్తకు చెప్పింది. తలకిందులు చేయొద్దన్న మాట మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే కారణం లేదు. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, అంతే.

ఉదయ్ భాస్కర్ ఉద్యోగం అప్పటికే పోయి అయిదు నెలలు. పదహారేళ్లు చేసిన కంపెనీ ఒక్క మెయిల్‌తో పంపేసింది. ఇంటర్వ్యూలకు వెళ్లి రావడం, పిలుపు రాకపోవడం. భార్యాభర్తలకు మాటలు తగ్గిపోయాయి. మిగిలిన మాటలన్నీ గోధుమ గురించే. పొద్దున్నే దాన్ని ఒళ్లో పెట్టుకుని సంచి మెల్లగా నిమరడం, పెరుగులో కలిపిన అన్నం వేలితో తినిపించడం అన్నీ అతనే చేసేవాడు. ఆ అరగంట అతని మొహంలో కాస్త కళ ఉండేది.

ఓ గురువారం గచ్చిబౌలి ఆఫీసులో వాసంతి మీటింగులో ఉండగా ఫోన్ చేశాడు. ఆమె కారిడార్‌లోకి వచ్చింది.

"నీళ్ల సంచిలా అయిపోయింది. మెడ ఎత్తలేకపోతోంది. డాక్టరు నాలుగింటికి గానీ రాడట."

"తలకిందులుగా పట్టుకుని నొక్కండి. వీడియోల్లో అందరూ అలాగే చేస్తున్నారు."

"డాక్టరేమైనా అన్నాడా, అలా చేయొచ్చని?"

లోపల ఎవరో ఆమె పేరు పిలుస్తున్నారు. డాక్టరు మాట ఆమెకు గుర్తుంది. గుర్తుండే, ఒక్కసారికి ఏమవుతుందిలే, ముందు ఫోన్ పెట్టేస్తే చాలనుకుని అన్నది.

"ఏమీ అనలేదు. చెయ్యండి."

పావుగంటకు మళ్లీ మోగింది. "వాసంతీ, ఊపిరి తీసుకోవడం లేదు," అన్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి చంద్రమ్మ గోధుమను పాత తువ్వాలులో చుట్టి వెనక ఖాళీ జాగాలో పూడ్చి వచ్చింది. ఉదయ్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద పుల్లటి వాసన అలాగే ఉంది, మార్చుకోలేదు.

"గట్టిగా నొక్కేశానేమో," అన్నాడు. "చిన్న పని. అదీ చేతకాలేదు నాకు."

వాసంతి వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. అతనే తన మీద వేసుకుంటున్నాడు.

"మీ తప్పు కాదండి. అలా చేయొద్దని డాక్టరు పోయిన నెలే చెప్పాడు నాకు."

అతను తలెత్తాడు.

"నేనడిగాను కదా."

"అడిగారు."

"ఏమీ అనలేదన్నావు."

"మీటింగు... " అనబోయింది.

అతను లేచి మేడ మీదకెళ్లాడు. గూడు కడుగుతున్న చప్పుడు వినిపించింది. వాసంతి పైకి వెళ్లలేదు.

దసరా తర్వాత అతనికి మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది, జీతం తక్కువే. కోపంగా ఒక్క మాటా అనలేదు ఎప్పుడూ. కానీ ఇప్పుడు గ్యాస్ కట్టేశావా అని అడిగినా, తలుపు తాళం వేశావా అని అడిగినా, ఆమె అవునన్నాక కూడా, తనే లేచి వెళ్లి చూసుకుంటాడు.