తలుపు ఊడదీసిన గది

తెల్లవారి నమాజు అయ్యాక జైతూన్ వంటింటి తలుపు ముందు నిలబడి వేళ్ళ కణుపులతో మూడుసార్లు తట్టేది. తలుపు తెరుచుకునేది కాదు. "నేనే, జైతూన్‌ని. పొయ్యి రాజెయ్యాలి, కాస్త జరుగు," అని బతిమాలేది. అయినా కదిలేది కాదు. దానికి గొళ్ళెం లేదు, తాళమూ లేదు. చివరికి గుమ్మానికి వేలాడే ఇత్తడి గంట మోగిస్తే, పెరట్లో పక్షి పంజరాలు అల్లుకుంటున్న మొగుడు దావూద్ దగ్గుకుంటూ వచ్చి ఒక్క వేలితో నెట్టేవాడు. తలుపు బుద్ధిగా తెరుచుకునేది.

"నా వేలిలో ఏముందో నీ చేతిలో ఏం లేదో!" అనేవాడు రోజూ. రోజూ అదే మాట. అయినా జైతూన్‌కి ఆ మాట వినకపోతే రోజు మొదలైనట్టుండేది కాదు.

పదమూడేళ్ళుగా ఇదే వరస. ముప్ఫై మూడో ఏట, ఒళ్ళు ఎనభై కిలోలు దాటిన నెలలో, మొదట బీరువా తలుపు మొరాయించింది. తరవాత వీధి తలుపు, ఫ్రిజ్జు తలుపు, బస్సు తలుపు. ఇప్పుడామె నూట నాలుగు కిలోలు. కోట బారు పట్నంలో ఆ వీధివాళ్ళెవరూ దాన్ని వింతగా చూడలేదు. కొందరికి రొయ్యలు పడవు, కొందరికి పిల్లులు పడవు, జైతూన్‌కి తలుపులు పడవు, అంతే. ఆమె ఏ గుమ్మం ముందు నిలబడి ఉన్నా దారినపోయేవాళ్ళు మోచేత్తో తలుపు తోసి, మాట్లాడుకుంటూ ముందుకి సాగిపోయేవాళ్ళు.

బజారులో ఆమె అకోక్ అమ్మేది. బాతుగుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం గిలక్కొట్టి, ఇత్తడి అచ్చుల్లో పోసి, కిందా పైనా బొగ్గుల నిప్పు పెట్టి కాల్చే మెత్తటి తీపి అది. పైన బంగారు రంగు, లోపల వణుకుతున్న పాకం. జైతూన్ చేసిన అకోక్ నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఒక నిమిషంపాటు ఎవరి మీదా కోపం పెట్టుకోలేరని పేరు.

ఆమె ప్రాణ స్నేహితురాలు సకీనా పక్క వీధిలో ఉండేది. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటూ చేపల అప్పడాలు చేసి అమ్ముకునేది. నూట పద్దెనిమిది కిలోలు. "మనిద్దరం ఒకేసారి రిక్షా ఎక్కితే, రిక్షావాడు ముందు నమాజు చేసుకుని తొక్కుతాడే," అని తనే నవ్వించేది. కానీ ఆ నవ్వు గుమ్మం దాటి లోపలికి వెళ్ళేది కాదు. ఆమె ఇంటి గడప దగ్గర వాళ్ళమ్మ ఎడమ చెప్పు ఒకటి ఉండేది. కొన్నప్పటి మెరుపు ఇంకా పోలేదు. షుగర్ ముదిరి ఎడమకాలు తీసేశాక ఆవిడ కొత్త జత కొనుక్కుని ఆరేళ్ళు కర్రల ఊతంతో ఒంటికాలి మీద నడిచింది. కుడి చెప్పు అరిగి పోయింది, ఎడమది కొత్తదిగా మిగిలింది. సకీనా దాన్ని పారెయ్యలేదు.

అందుకే పెద్దాసుపత్రిలో కొత్త మందు పరీక్షకి మనుషులు కావాలంటే, జైతూన్‌ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది సకీనాయే.

డాక్టర్ ఓంగ్ సన్నగా, గబగబా మాట్లాడే మనిషి. "మీకింకా షుగర్ రాలేదు. కానీ గుమ్మంలో నిలబడి ఉంది," అంది. "మనం తిన్నది రక్తంలో చక్కెరై తిరుగుతుంది. ఒంట్లో ప్రతి కణానికీ ఒక తలుపుంటుందనుకోండి. ఇన్సులిన్ వెళ్ళి తలుపు తడితే చక్కెర లోపలికి పోతుంది. మీలాంటివాళ్ళలో అది ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు. ఇంకా గట్టిగా తడుతుంది, ఇంకా ఇంకా ఇన్సులిన్ ఊరుతుంది, చివరికి అలిసిపోతుంది."

జైతూన్ నోరు తెరిచింది. "మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారు డాక్టరమ్మా?"

భోజనం చేశాక పేగుల్లో ఊరే ఒక హార్మోను ఉందట. ఆకలి తీరిందని చెప్పేది, ఇన్సులిన్‌కి తోడు నిలిచేది అదేనట. ఆ హార్మోను పోలికతో చేసిన మందు ఇది. వారానికో సూది, పొట్ట మీద ఎవరికి వాళ్ళే పొడుచుకోవాలి. ముప్ఫై రెండు వారాలు. నూట ఇరవైమందిలో సగంమందికి మందు, సగంమందికి ఉత్త నీళ్ళు. సూదులు చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వచ్చిందో తీసుకునేవాళ్ళకీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే కళ్ళు పక్షపాతం చూపిస్తాయి.

"నీళ్ళొస్తే?" అంది సకీనా.

"నీళ్ళొస్తే ముప్ఫై రెండు వారాలూ నీళ్ళే. నేను అబద్ధం చెప్పను. మందు మంచిదని తేలితే మాత్రం ఆ తరవాత మొదటి సూది మీలాంటివాళ్ళకే."

ఇద్దరూ సంతకం పెట్టారు. మొదటి పరీక్ష రోజు ఆరు గంటలు పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. ఇన్సులిన్ తడితే ఒంట్లో తలుపులు ఎంత తెరుచుకుంటాయో కొలవడానికట, ఒక చేతిలోకి ఇన్సులిన్, ఇంకో చేతిలోకి చక్కెర నీళ్ళు, ఐదు నిమిషాలకోసారి ఒక చుక్క రక్తం. "పెళ్ళికి గోరింటాకు పెట్టించుకున్నప్పుడు కూడా ఇంతసేపు చేతులు చాపుకుని లేనే," అంది సకీనా. నర్సు అజ్లీనా నవ్వు ఆపుకోలేక చుక్క కింద పడేసింది.

ఐదో వారానికి జైతూన్‌కి సగం పళ్ళేనికే ఆకలి తీరిపోవడం మొదలైంది. కడుపులో కొంచెం తిప్పేది. ఆరో వారం ఒక ఉదయం వంటింటి తలుపు ముందు నిలబడి తట్టడానికి చెయ్యెత్తింది. చెయ్యి గాలిలోనే ఉంది. తలుపు కిర్రుమంటూ లోపలికి జరిగింది.

గంట మోగలేదని దావూద్ పెరట్లోంచి తొంగి చూశాడు. పొయ్యి ముందు కూర్చున్న పెళ్ళాన్నీ, తెరిచి ఉన్న తలుపునీ చూశాడు. "అయితే ఇక నా వేలితో పన్లేదన్నమాట," అన్నాడు.

"వేలు ఖాళీగా ఉంటే కొబ్బరి తురుము," అంది జైతూన్. కానీ ఆ రోజు అకోక్ పొంగడం చూస్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పొగ వల్లేననుకుంది.

పదో వారానికి తలుపులు ఆమె రాకని పసిగట్టసాగాయి. ఆమె ఆసుపత్రి బయట రంబుటాన్ పళ్ళ బండి దగ్గర ఉండగానే లోపలి గాజు తలుపులు బార్లా తెరుచుకునేవి. ఆ నెల పరీక్షకి వెళ్ళినప్పుడు, డాక్టర్ ఓంగ్ గది తలుపు దానంతటదే తెరుచుకోవడం చూసి, డాక్టరమ్మ చప్పున గోడవైపు తిరిగిపోయింది.

"అజ్లీనా! నేను చూడలేదు. రాయి, నేనేమీ చూడలేదు."

"ఏ గడిలో రాయను డాక్టర్? తలుపులకి గడి లేదు."

వారంలోగా దావూద్‌ని పిలిపించి ఆ గది తలుపు ఊడదీయించారు. దాని చోట నీలం తెర కట్టారు. మిగతా డాక్టర్లెవరూ ఎందుకని అడగలేదు. పరీక్షలో ఇలాంటి జాగ్రత్తలు మామూలే కదా. గది బయట చెప్పులు విడిచి, తెర పక్కకి తీసుకుని అందరూ లోపలికి వెళ్ళేవాళ్ళు. జైతూన్ కూడా అందరిలాగే.

సకీనా తూకం మాత్రం నూట పద్దెనిమిది దగ్గరే ఆగిపోయింది. ఒక నెల నూట పంతొమ్మిది.

పద్దెనిమిదో వారంలో ఒక మధ్యాహ్నం అప్పడాల పొట్లం పట్టుకుని వచ్చింది. పొట్లం బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అంది. "నాది నీళ్ళేనే. నీది మందు. నీ ఇంటి తలుపులని అడిగినా చెప్తాయి. నెలకి నాలుగు సూదులిస్తారుగా, రెండు నాకియ్యి."

చిన్నప్పటినుంచి ఆ ఇద్దరి మధ్యా సగం చెయ్యని వస్తువు లేదు. సకీనా పెళ్ళికి కట్టుకున్న జరీ బట్ట జైతూన్‌దే. జైతూన్‌కి టైఫాయిడ్ వస్తే బజారులో అకోక్ కాల్చింది సకీనాయే, అన్నీ మాడ్చినా సరే. అడిగితే కాదనడమన్నది వాళ్ళకి చేతకాదు.

ఆమె ఫ్రిజ్జువైపు ఒక్క అడుగు వేసింది. దాని తలుపు తెరుచుకుంది. బాతుగుడ్ల పక్కన, వెలుతుర్లో, నాలుగు సూదులు. జైతూన్ తలుపు మూసింది. అది మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసి, వీపు ఆనించి నిలబడింది. పదమూడేళ్ళు మూసిన తలుపుల ముందు ఏడ్చిన మనిషి, మొదటిసారి ఒక తలుపుని తెరుచుకోకుండా పట్టుకుంది. వీపు వెనక అది వణుకుతూనే ఉంది.

"ఇవ్వలేనే."

"ఏంటీ?"

"సగం సగం చేసుకుంటే నువ్వూ అబద్ధమే, నేనూ అబద్ధమే. మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలీదు. ఆ మంచాల మీద అంతమంది చేతులు చాపుకుని పడుకున్నది ఎందుకే?"

"కాగితాలకి కాళ్ళుండవు జైతూన్," అంది సకీనా మెల్లగా. "నాకున్నాయి. ఇంకా ఉన్నాయి." పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు మాటల్లేవు. పన్నెండో రోజు అజ్లీనా ఫోన్ చేసింది. "పిన్నీ, సకీనా పిన్ని పరీక్షకి రాలేదు, ఫోనెత్తడం లేదు. మానేస్తుందంటావా?"

జైతూన్ డబ్బాలో వేడి అకోక్ పెట్టుకుని బయల్దేరింది. సకీనా గుమ్మం ముందు ఆమె చెప్పుల జత ఉంది, పక్కనే ఎప్పట్లాగే వాళ్ళమ్మ చెప్పు. తలుపు మూసి ఉంది. మొగుడు పోయాక దొంగల భయంతో మూడు గొళ్ళేలు పెట్టించుకుంది సకీనా.

ఎదురింటావిడ బట్టలారేస్తూ, "మూడ్రోజులైంది తలుపు తీసి. నీ మీద కోపమంటగా?" అంది.

జైతూన్ వాకిలి మధ్యలోనే ఆగిపోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆ తలుపు ఆగదు. కానీ తన మీద కోపంతో మూసుకున్న తలుపులోంచి అడగకుండా వెళ్ళడం ఏం మర్యాద? "సకీనా! ఒసే సకీనా! తిట్టడానికైనా బయటికి రావే!" అని పిలిచింది. జవాబు లేదు. డబ్బా గడప మీద పెట్టమని ఎదురింటావిడకిచ్చి వెళ్ళిపోదామనుకుంటూ తల తిప్పింది.

అప్పుడు కనిపించాయి, ఎండబెట్టిన అప్పడాలు. చాప మీద, నిన్నటి వానకి నాని ముద్దయిపోయి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా వాన చినుక్కి అప్పడాలు ఎత్తే మనిషి సకీనా.

జైతూన్ నాలుగడుగులు వేసింది. లోపల ఒక గొళ్ళెం జారిన చప్పుడు. రెండోది. మూడోది కొంచెం తుప్పు పట్టి ఉంది, కీచుమంటూ వచ్చింది.

సకీనా చాప మీద పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చేపలు శుభ్రం చేస్తున్నప్పుడు ముల్లు ఒకటి అరికాల్లో దిగిందట. ఎడమకాలు మోకాలిదాకా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. ఆసుపత్రికి వెళ్తే ఏం చెప్తారో అమ్మ దగ్గర చూసింది కాబట్టి వెళ్ళలేదు.

ఆమె కళ్ళు సగం తెరిచింది. "మూడు గొళ్ళేలు వేశానే..."

"వేశావు. అవి తీశాయి. లే," అంది జైతూన్.

లేవలేకపోయింది. అంతవరకూ తన ఒళ్ళే తనకి బరువైన జైతూన్, స్నేహితురాలి చంకలో చెయ్యి వేసి వీధిదాకా నడిపించింది. రిక్షావాడు నిజంగానే ఒకసారి ఆకాశంవైపు చూసి తొక్కడం మొదలుపెట్టాడు.

"ఇంకొక్కరోజు ఆలస్యమైతే కాలు మిగిలేది కాదు," అన్నాడు ఆసుపత్రి సర్జన్. తొమ్మిది రోజులు సెలైన్లు ఎక్కించారు. కాలు మిగిలింది.

డాక్టర్ ఓంగ్ మంచం పక్కన కూర్చుంది. "పరీక్ష మానెయ్యాలనుకుంటే మానెయ్యండి. ఎవరూ ఒక్క మాట అనరు."

"డాక్టరమ్మా, నేను దీన్ని మందడిగాను," అంది సకీనా, జైతూన్ వైపు గడ్డం చూపించి. "ఇవ్వలేదు రాక్షసి. ఫ్రిజ్జు తలుపు మూసి పట్టుకుంది, అదేమో తెరుచుకుంటానని—"

డాక్టర్ ఓంగ్ రెండు చెవులూ మూసుకుంది. "తలుపుల సంగతి నా దగ్గర ఎత్తొద్దన్నాను!"

సకీనా చాలా రోజుల తరవాత నవ్వింది. నవ్వి, కాసేపు తన రెండు పాదాలవైపూ చూసుకుంది. "పడుకుని బాగా ఆలోచించాను. ఎవరో ఒకరు నీళ్ళు పొడుచుకోకపోతే మందు మందని ఎలా తెలుస్తుంది? మా అమ్మకి ముందు పుట్టినవాళ్ళెవరైనా ఈ పని చేసి ఉంటే... నా సూదులు నాకు తెప్పించండి. నీళ్ళయినా సరే, లెక్క తప్పకుండా పొడుచుకుంటాను."

డాక్టరమ్మ లేచి, సూదులు తెమ్మని అజ్లీనాని పిలిచింది.

నూట ఇరవైమందీ వాళ్ళ వారాలు పూర్తి చేశారు. మరుసటి ఏడు వానలు వెలిశాక, ఎవరికి ఏది వచ్చిందో రాసి మూసి పెట్టిన కవర్లు విప్పారు. మందు మందేనని తేలింది. ఎంతో కాదు, అద్భుతమూ కాదు, కానీ నిజం. సకీనాది నీళ్ళే. నీళ్ళు తీసుకున్న అరవైమందిలో మొదటి మందు సూదికి ఆమె పేరే రాసింది డాక్టర్ ఓంగ్.

ఆ సూది ఇచ్చే రోజు ఉదయం దావూద్ ఆసుపత్రి మెట్లు ఎక్కి వచ్చి, ఊడదీసిన తలుపుని మళ్ళీ బిగించాడు. బిగించి, ఇంట్లో మోగడం మానేసిన ఇత్తడి గంటని దానికి కట్టాడు. "వేలికి పనెలాగూ లేదు," అన్నాడు.

డాక్టర్ ఓంగ్ లోపల నిలబడింది. ఇన్ని నెలలూ తిప్పుకున్న ముఖం ఈసారి తిప్పుకోలేదు. వసారా చివర జైతూన్ కనిపించగానే, ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే, గంట గలగలమంది. తలుపు బార్లా తెరుచుకుంది. డాక్టరమ్మ చిన్నపిల్లలా చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమ్మం దగ్గర జైతూన్ పక్కకి తప్పుకుంది. "నువ్వు ముందు."

"అబ్బో, మహారాణి దారిచ్చింది," అని సకీనా చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

జైతూన్ వాటివైపు చూసింది. పాత నీలం రబ్బరు చెప్పులు. కుడిదీ ఎడమదీ, రెండూ ఒకేలా అరిగి ఉన్నాయి.