అతుకులో కమ్మీ

బయ్యప్ప శవం మీద గోనెపట్ట కప్పి గంటైనా కాలేదు, వెల్డరు గంగాధరప్ప చేతులకు తాడు పడింది.

బాగేపల్లికి మంచినీళ్లు తెచ్చే గొట్టం అది. గుడిబండె వైపు గుట్ట మీద నీళ్లతొట్టి, అక్కడినుంచి కిందికి మైళ్ల పొడవునా ఇనుప గొట్టాలు. ఆ ఉదయం పంపుతో నీళ్లు ఎక్కించి గొట్టం ఒత్తిడికి ఆగుతుందా లేదా అని పరీక్ష పెట్టారు. ఒక అతుకు పగిలింది. గొట్టం కోసం తవ్విన కాలవలో నిలబడి ఉన్న కూలీ బయ్యప్పను నీళ్ల దెబ్బ ఎత్తి బండకేసి కొట్టింది.

"వెల్డరు తాగి అతికినాడు, అంతే" అన్నాడు కంట్రాక్టరు లక్ష్మణప్ప.

గంగాధరప్ప జన్మలో కల్లు ముట్టినవాడు కాదు. పోలీసు జమేదారు అడగనూ లేదు, నోటి వాసన చూడనూ లేదు. సంస్థానం పోలీసులకు కంట్రాక్టరు మాట వేదం. యుద్ధం ముగిసిందన్నారు, ప్రపంచం మారిందన్నారు, ఈ ఒక్కటి మాత్రం నలభై ఆరులోనూ మారలేదు.

అన్న గంగాధరప్పను రోడ్డు మీద నడిపించుకుని పోతుంటే హనుమక్క చూస్తూ నిలబడింది. నోరెత్తి అరవాలని ఉంది. అరవలేదు. ఆమె గొంతుకు అడ్డం పడింది తన సొంత బుట్టే.

హనుమక్క పని అతుకు మీద పేరుకున్న ఇనుప చిట్టాన్ని సుత్తితో రాల్చడం. రోడ్డు పక్క గొట్టాలు ఉన్నంతవరకు ఆ పనే చేసింది. రోడ్డు దాటి పని గుట్టల్లోకి పోగానే మేస్త్రీ ఇంకో పని చెప్పాడు. కోసిన ఇనుప కమ్మీ ముక్కలు బుట్టలో వేసుకుని ఒక్కో వెల్డరు దగ్గర పోసి రావాలి. రెండు గొట్టాల మధ్య సందును నిండా కరిగిన ఇనుముతో పూడిస్తే ఒక్క అతుక్కి పూటంతా పడుతుంది. సందులో కమ్మీ దూర్చి పైన పూత పూస్తే గడియలో తేలిపోతుంది. లక్ష్మణప్ప చెప్పింది ఆ రెండోది. "ఇది నిలిచే పని కాదు సామీ" అని గంగాధరప్ప ఒకసారి అన్నాడు. "చేతకాకుంటే ఇంటికి పో, నీ ఎనక పదిమంది ఉండారు" అన్నాడు లక్ష్మణప్ప. రోడ్డు పక్క అతుకులు మాత్రం నిఖార్సుగా చేయించాడు. ఇంజనీరు జీపు దిగి చూసేది అక్కడే కదా.

నాలుగో రోజు బెంగుళూరు నుంచి లారీ వచ్చింది. దాని మీద ఒక కరెంటు ఇంజను, ఒక బరువైన పెట్టె, ఆదిశేష అనే కళ్లజోడు కుర్రవాడు. అతుకులకు ఎక్స్‌రే ఫోటోలు తీయనిదే మళ్లీ నీళ్లు వదలొద్దని ఇంజనీరు తాకీదు పంపాడట.

"ఆస్పత్రిలో ఎముకలు చూస్తారే, ఆ పెట్టెంట. ఇనుము లోపల కూడా చూస్తాదంట" అన్నాడొకడు.

"చూసి? కమ్మీ కనపడతాది. యెవురు పెట్టిరి అంటారు. మనందర్నీ ఒకే తాడుకి కడతారు."

"దాన్ని కిందికి దించనీయొద్దండి" అంది హనుమక్క.

అందరూ పోయి లారీ ముందర కూర్చున్నారు. ఎవరో రాయి విసిరారు. లారీ దీపం పగిలింది. ఆదిశేష లోపలికి ముడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చేశారు మనవాళ్లు. తప్పే. అయినా ఎప్పుడూ తాడు పడింది తమ చేతులకే అయినప్పుడు, కొత్త పెట్టె ఏది వచ్చినా అది తమ కోసమే వచ్చిందనుకోరా?

లక్ష్మణప్ప తిట్టలేదు. బుట్ట పిడి ఊడితే బూతులు తిట్టే మనిషి, దీపం పగిలితే నవ్వాడు. "కూలోళ్లు, భయపడతాండారు. పోనీండి, రోడ్డు పక్కన ఆరు అతుకులకు ఫోటోలు తీసుకోండి, చాలు" అని ఆదిశేష భుజం మీద చెయ్యి వేసి కాఫీకి తీసుకుపోయాడు.

హనుమక్క అనుమానం అతని మీదికి మళ్లింది. వీడెందుకు నవ్వినాడు?

మధ్యాహ్నం సంగటి ముద్దలు తిన్నాక, పేర్చిన గొట్టాల నీడలో ఆమె లేచి నిలబడింది. బుట్ట సంగతి, తను మోసిన కమ్మీల సంగతి అన్నీ చెప్పింది. అందరికీ తెలిసిందే, కానీ ఎవరూ నోటితో అనలేదు ఇంతవరకు.

బయ్యప్ప పెళ్లాం మునివెంకటమ్మ అంది: "అయితే నా మొగుణ్ణి సంపింది నీ బుట్ట."

"అవునక్కా. నా బుట్టే."

కోలారు బంగారు గనుల్లో పనిచేసి, సమ్మెలు చూసి వచ్చిన ముసలి వెంకటరాయప్ప నోరు విప్పాడు. "బుట్ట ఆయమ్మది. పూత మనది. పెట్టమన్న నోరు యెవురిది?"

"ఆ నోరు కాయితం మీద ఉండాదా? మనం చెప్తే మనమే జైలుకి పోతాము."

"చెప్పకుంటే గంగాధరప్ప ఒక్కడే పోతాడు. రేపు ఇంకోటి పగుల్తాది. అప్పుడు యెవురు తాగినారంటాడు? నువ్వా, నేనా?"

"వాడు నవ్వింది నేను చూసినా" అంది హనుమక్క. "పెట్టెకి మనకంటే వాడే యెక్కువ భయపడతాండాడు. మన భయాన్ని వాడు కాపలా పెట్టుకోనుండాడు."

అందరూ మునివెంకటమ్మ వైపు చూశారు. ఆమె లేచి కొంగు దోపుకుంది.

"నీ ఏడుపు నాకొద్దు హనుమక్కా. ఆ అతుకులు యాడుండాయో ఆ పెట్టెకి చూపించు. నేనూ వస్తా."

తెల్లవారి ఆదిశేష గుడారం ముందు నలభైమంది నిలబడ్డారు. అతనికి వాళ్ల మీద నమ్మకం లేదు, ఎందుకుంటుంది?

"నిన్న రాయి వేసింది మీరే కదా."

"మేమే సామీ. ఈ పొద్దు పెట్టె మోసేదీ మేమే" అంది హనుమక్క. "మీ అమ్మ కుండ కొనేటప్పుడు ఒక పక్కే కొట్టి చూస్తాదా? సుట్టూ కొట్టి చూస్తాదా?"

ఆదిశేషకు నవ్వు వచ్చింది. సముద్రం అవతల సీమదేశాల్లో ఇప్పుడు ఇనుమును శబ్దంతోనే పరీక్షిస్తున్నారనీ, అది మనిషి చెవికి అందని శబ్దమనీ, పగులు తగిలితే వెనక్కి తిరిగి వస్తుందనీ చెప్పాడు. అంతలోనే ముఖం వాడిపోయింది. "నన్ను రోడ్డు పక్కవే తీయమన్నారమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"బయ్యప్పకి పోయింది ఉద్యోగం కాదప్పా" అన్నాడు వెంకటరాయప్ప.

పెట్టెను, ఇంజనును బొంగులకు కట్టి గుట్టలోకి మోశారు. హనుమక్క చూపిన అతుక్కి ఆదిశేష ఒక పక్క ఫిల్ము చుట్టి, ఫోటోలో ఏ అతుకో తెలిసేలా సీసపు అంకె అంటించి, ఎదురుగా పెట్టె నిలిపాడు. అందరినీ దూరం పంపేశాడు. ఇంజను గుర్రుమంది. అట్లా ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది అతుకులు. తర్వాత నల్లగుడ్డ గుడారంలో ఫిల్ములు కడిగి, మొదటిది ఎండకు పట్టి చూపించాడు.

రెండు నల్లటి గీతలు. వాటి మధ్య నిటారుగా తెల్లటి కడ్డీ.

"కమ్మీ" అన్నారు అందరూ. వెల్డింగు ముఖం చూడని మునివెంకటమ్మ కూడా గుర్తుపట్టింది. అలాంటి కమ్మీ మీదే తన మొగుడి ప్రాణం ఆధారపడిందని తెలిసి ఆమె ఒళ్లంతా మండింది.

లక్ష్మణప్ప జమేదారును వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎనిమిది ఫిల్ములూ తాడు మీద వరసగా వేలాడుతున్నాయి.

"అవి ఇట్లియ్యండి."

ఆదిశేష తాడుకు అడ్డం వచ్చాడు. "ఇంకా ఆరలేదండీ. తడి మీద ముట్టుకుంటే చెడిపోతాయి" అన్నాడు. పక్కకు జరగలేదు.

లక్ష్మణప్ప గొంతు మార్చాడు. "చూసినారా జమేదారే, వెల్డర్లు నన్నెంత మోసం చేసినారో."

జమేదారు ఒక ఫిల్ము మీద వేలు పెట్టాడు. "ఇదు యారు మాడిద్దు? ఇది చేసిందెవరు, చెప్పండి."

"కమ్మీ మోసింది నేను" అంది హనుమక్క.

"కోసింది నేను."

"పూత పూసింది నేను. ఆ పక్కదీ నేనే."

"గొట్టం పట్టుకున్నింది నేను" అన్నాడు వెంకటరాయప్ప. "ఇంతమంది పేర్లు రాస్తావు కదా, పెట్టమన్నది యెవురో అదీ రాయి."

నలభై చేతులు లేచాయి. నలభై వేళ్లూ లక్ష్మణప్ప వైపే చూపించాయి. జమేదారు పెన్సిలు కాగితం మీదనే ఆగింది. ఆ పేరు రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. చివరికి హనుమక్క ఒక్కదాన్నే ఠాణాకి నడవమన్నాడు.

మునివెంకటమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈమెతో నేనూ వస్తాండా. సచ్చినోని పెళ్లాన్ని. నా మాట కూడా రాసుకో."

ఆ ఇద్దరి వెనక మిగిలినవాళ్లంతా నడిచారు. "పంపు దగ్గర యెవురుంటారు?" అని లక్ష్మణప్ప వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆదిశేష ఫిల్ములు తీసి మడత పడకుండా వెంకటరాయప్ప చేతికిచ్చి, తనూ వాళ్ల వెంట నడిచాడు.

ఠాణాలో కటకటాల వెనకనుంచి గంగాధరప్ప చెల్లెల్ని చూసి బిత్తరపోయాడు.

"నువ్వెందుకు వచ్చినావే?"

"నువ్వు ఒక్కడివే చేసింది కాదని చెప్పను వచ్చినా అన్నా."

బయట రోడ్డంతా మనుషులు కూర్చున్నారు. చీకటి పడేలోపు కబురు చింతామణి బస్సెక్కింది. అక్కడ కూడా లక్ష్మణప్ప గొట్టమే పరుస్తున్నాడు. మర్నాడు ఉదయం అక్కడి వెల్డర్లు పని దింపేసి, ముఖానికి కట్టుకున్న నల్ల అద్దాలు తీసి మేస్త్రీ ముందర పెట్టారు.

"మాకూ పంపించండి ఆ పెట్టె" అన్నారు. "యాడ పెట్టాలో మేము చూపిస్తాము."