ఊదా శాలువా

ఆ సాయంత్రం నేను చెయ్యవలసిన పనులు: పెద్దమ్మకు ఉడికించిన యాపిల్ పెట్టాలి. చలిగాలి రాకుండా కిటికీలు మూయాలి. విగ్గు సరిచూడాలి. వచ్చిన పూలలో ఊదావి ఉంటే పారెయ్యాలి. చివరగా, ఆమెకు తెలియకుండా అమ్మమ్మ శాలువా దాచెయ్యాలి. ఈ ఆఖరిది నాటకశాల మేనేజరు బోత్తిగారి ఆజ్ఞ. అన్నీ చేశాను, అదొక్కటి తప్ప.

ఇటలీలో, మా పార్మా ఊళ్లో, ఒపేరా పాడేవాళ్లకు ఊదా రంగు అపశకునం. ఈస్టరుకు ముందు, చర్చిలో ఊదా బట్టలు కట్టే తపస్సుకాలంలో వెనకటికి నాటకశాలలు మూసేసేవారు, నటులు పస్తులుండేవారు. ఆ భయం ఇంకా పోలేదు.

మా పెద్దమ్మ ఎర్సీలియా ఈ నాటకశాలలో మొదటిసారి పాడిన రోజున అమ్మమ్మ తనకున్న ఒకే ఒక్క మంచి శాలువా కప్పుకుని వచ్చింది. అది ఊదాది. తీసేస్తేనే లోపలికి రానిస్తామన్నారు గుమ్మం దగ్గరివాళ్లు. లోపల రవిక చిరిగి ఉంది. తియ్యలేక, వీధిలో నిలబడి వింది.

ఈ చలికాలం అమ్మమ్మ పోయింది. ఆ సాయంత్రానిది పెద్దమ్మ ఆఖరి ప్రదర్శన.

ఆమె శాలువా కప్పుకుని గదిలోంచి రాగానే, జోడీగా పాడవలసినతను దోషం పోవాలని జేబులో ఇనప తాళంచెవి పట్టుకున్నాడు. బోత్తిగారు బతిమాలారు, తర్వాత బెదిరించారు.

"ఇవాళైనా అమ్మను లోపలికి రానిస్తారా, ఇద్దరం వీధిలో నిలబడమంటారా?" అంది పెద్దమ్మ.

ఆయన పక్కకు తప్పుకున్నారు.

ఆమెను చూడగానే పై గ్యాలరీలో ఎగతాళి ఈలలు మొదలయ్యాయి. మా ఊరి గ్యాలరీ ఎవరినీ వదలదు. "ఆ గుడ్డ తీసెయ్యవే తల్లీ, దోషం తగులుతుంది, మాకు పిల్లలున్నారు" అన్నాడొకడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ పాడుతూనే ఉంది.

చివరి పాటలో, పైస్థాయి స్వరం దగ్గర ఆమె గొంతు పగిలింది.

"చెప్పామా, శాలువా!" అని గ్యాలరీలోంచి అరిచారు.

పెద్దమ్మ చెయ్యెత్తి వాద్యాలన్నీ ఆపించింది. "పగిలింది నా గొంతు. యాభై ఆరేళ్ల గొంతు. మా అమ్మ శాలువా మీద పెట్టకండి. మాస్టారూ, మళ్లీ మొదలుపెట్టండి."

రెండోసారి స్వరం అందింది. గీరుకుంటూ అందింది. ఊపిరి ఉన్నంతసేపూ ఆమె దాన్ని వదల్లేదు.

ఇందాక ఆ గుడ్డ తీసెయ్యమన్న గొంతే పైనుంచి అడిగింది: "మీ అమ్మ పేరేంటి, ఎర్సీలియా?"

"అర్జియా. టమాటా ఫ్యాక్టరీలో పళ్లు ఒలిచేది."

అప్పుడు లేచారు, గ్యాలరీ మొత్తం.

మర్నాడు పేపర్లు శాలువా గురించి రాశాయి, పగిలిన స్వరం గురించి రాశాయి. అమ్మమ్మ పేరు మాత్రం ఎవరూ రాయలేదు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కనుక నేను రాస్తున్నాను. మీరు గుర్తుపెట్టుకోండి: అర్జియా.