ఫలితం చెప్పకండి

మా తోడల్లుడు లిఫ్టు మెకానిక్కు. పనిలో దిట్ట అని కంపెనీవాళ్ళే అంటారు, నేనూ కాదనను. కానీ మనిషికి కార్ల రేసుల పిచ్చి. అవీ ఇక్కడ జరిగేవి కావు, సముద్రాల అవతల ఎక్కడెక్కడో జరిగేవి. తనకు కారు లేదు, నడపడం రాదు. డ్రైవింగు పరీక్షకు రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ బండి వెనక్కి తిప్పుతూ అదే గోడను గుద్ది వచ్చాడు. రోజూ బస్సులో కిటికీ పక్కన కునికిపాట్లు పడుతూ పనికి వెళ్ళే ఈ మహానుభావుడు, సోమవారం పొద్దున నాకు ఫోను చేసి "నిన్న మేం గెలిచాం అన్నయ్యా" అంటాడు. ఆ 'మేం' వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కట్టుడుపళ్ళు తయారుచేసి బతికేవాణ్ణి. నా పళ్ళతో ఎవరో ఎముక కొరికితే 'మేం కొరికాం' అని నేనెప్పుడూ అనలేదు.

వాళ్ళ ముందుగదిలో గోడకు మూడు గడియారాలు. ఒకటి ఇంటికి, మిగిలిన రెండూ రేసులు జరిగే దేశాల టైముకు. ఒక వారం తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు, ఇంకో వారం అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, ఓ చిన్నపిల్లల బడిలో టీచరు. ఎక్కడో వాన పడి రేసు కాసేపు ఆపితే, ఆ సందులో కూతురి పుట్టినరోజు కేకు కోయించిన ఇల్లాలు ఆమె.

అన్నిటికన్నా విడ్డూరం, రేసు డ్యూటీ వేళకు పడితే చూడాలి. రికార్డు పెట్టుకుని సాయంత్రం చూస్తాడు. అందాకా ఫలితం చెవిన పడకూడదు. ఫోను స్విచాఫ్. పేపరు ముట్టడు. టీవీ ఉన్న టీకొట్టు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.

ఆ ఆదివారం రేసు మన టైములో ఉదయం తొమ్మిదింటికి పడింది. రెండింటి దాకా అతనికి డ్యూటీ. మేముండే అయిదంతస్తుల భవనంలో లిఫ్టు బాధ్యత కూడా వాళ్ళ కంపెనీదే. పదిన్నరకు మా మామగారు మా ఇంటికి భోజనానికి వస్తూ లిఫ్టు ఎక్కారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగిపోయింది.

కంపెనీకి ఫోను చేశాను. ఆ పూట డ్యూటీ మా తోడల్లుడిదేనట, ఫోను పలకడం లేదట, వేరే మనిషిని పంపాలంటే మూడు గంటలు పడుతుందట. అప్పటికే మా ఇంటికి వచ్చి ఉన్న మరదలు మెట్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి తండ్రితో మాట్లాడుతూ ఉండిపోయింది. మొగుడి ఫోను ఎందుకు పలకదో ఆయనకు దాచకుండా చెప్పింది. నేను స్కూటరు తీశాను.

కంపెనీవాళ్ళు చెప్పిన మూడు భవనాలు తిరిగాక, సెలవుకు మూసి ఉన్న ఓ షాపింగ్ కాంప్లెక్సులో, పైకప్పు మీది మోటారు గదిలో దొరికాడు. చెవుల్లో దూది పెట్టుకుని మోటారుకు గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అన్నయ్యా, దండం పెడతాను. రేసు సంగతి మాత్రం చెప్పకండి."

దూది నేనే పీకేసి, "మామగారు లిఫ్టులో ఇరుక్కున్నారు. గంటయింది" అన్నాను.

మొహం పాలిపోయింది. అది మాత్రం ఒప్పుకోవాలి. దారిపొడుగునా నా వెనక కూర్చుని తొందరగా పోనివ్వమని ఒకటే గొడవ. గంటకు మూడొందల కిలోమీటర్లకు తక్కువ మాట్లాడని వాణ్ణి నా పాత స్కూటరు మీద ముప్పైలో తీసుకొచ్చాను.

లిఫ్టు తలుపు దగ్గరకు పరుగెత్తి, వచ్చేశానని, భయపడవద్దని మామగారికి చెప్పాడు. ఆయన లోపల నేల మీద కూర్చుని ఉన్నారు. ఊరికే కూర్చోలేదు. కూతురు చెప్పింది విన్నాక, ఇంతకీ ఆ రేసేమిటో చూద్దామని ఫోనులో వెతికి మొదలు నుంచి తుది దాకా చదివారు. ప్రూఫులు దిద్దిన మనిషి అక్షరం వదులుతారా?

"మీవాడు ముప్పై ఒకటో రౌండులో ఆగిపోయాడు అల్లుడూ" అన్నారు నింపాదిగా. "గేర్లు పోయాయట. గెలిచింది తెల్లకారు వాడు. ఇక ఫోను ఆన్ చేసుకోవచ్చు."

తోడల్లుడు మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామగారు ఇరుక్కున్నారని విన్నప్పుడు మొహం పాలిపోయింది కానీ కన్నీళ్ళు రాలేదు. నేను గమనించాను. పక్కనే నిలబడ్డ అతని భార్యా గమనించింది.

"ఏడుపు తర్వాత. ముందు మా నాన్నని బయటికి తీయండి" అంది.

లేచి పైకి వెళ్ళాడు. కరెంటు ఆపి, బ్రేకు వదిలించి, మోటారు చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును మూడో అంతస్తుకు దించాడు. ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల పని కోసం పెద్దాయన గంటన్నర నేల మీద కూర్చున్నారు. బయటికొచ్చి చొక్కా దులుపుకుని మంచినీళ్ళడిగారు.

తోడల్లుడు సాయంత్రం ఇంటికెళ్ళి, అంతా తెలిసి కూడా, ఆ రికార్డు పెట్టుకున్నాడట. ముప్పై ఒకటో రౌండు రాగానే ఆపేసి, మొదటి ముప్పై రౌండ్లూ మళ్ళీ చూశాడట. మరదలు ఈ సంగతి మా ఆవిడతో చెబుతూ నవ్విందో ఏడ్చిందో ఫోనులో తెలియలేదట.

ఫిర్యాదు నేనే రాశాను. మామగారు రెండు కామాలు సరిచేసి సంతకం పెట్టారు. కంపెనీ పెద్దలు గంభీరంగా ఆలోచించి శిక్ష వేశారు. ఇతన్ని నమ్మలేం కాబట్టి ఆరు నెలలపాటు ఆదివారం డ్యూటీ ఇవ్వరట! రొట్టె విరిగి నేతిలో పడింది. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు విచారంగా కనిపించడానికి అతను పడ్డ అవస్థ చూడాల్సిందే.

మరదలు కంపెనీలాంటిది కాదు.

"ఆదివారాలు ఇంట్లోనే ఉంటారుగా. వంటా, పిల్లా మీ పనే. నేను మా అక్క దగ్గర ఉంటా" అంది. "నా ఫోను మోగుతుంది, భయంలేదు."

అన్నట్టే మరుసటి ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. పదింటికి అతని ఫోను. గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని పోయాలని. వెనక కార్ల రొద, దాని మీంచి పిల్ల ఆకలేస్తోందని గోల. మరదలు కొలత చెప్పి, ఫోను పెట్టేసి, మూడోసారి టీ పోసుకుంది.