గొలుసు కుట్టు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వదిన పెళ్ళిచూపుల నాడే కనిపెట్టింది. వదిన అంటే మా ఆయనకు స్వయానా అక్క. వరండాలో మిషను వేసుకుని జాకెట్లూ లంగాలూ కుడుతుంది. ఆవిడ పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాట్లాడే తీరిక ఉండదు. నాదేమో కూరగాయల బండి. గొంతు చించుకోకపోతే సొరకాయ కూడా కదలదు. మా ఇద్దరికీ పడకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అలాంటి వాళ్ళం ఇద్దరం పక్కపక్కన కూర్చుని విమానంలో పరాయి దేశం వెళ్ళాం. అక్కడ పనికి పోయిన మా ఆయన కడుతున్న మేడ మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైతే చేశారు గానీ ఆయన లేచి కూర్చోలేరు. పడుకోబెట్టి తీసుకురావాలంటే విమానంలో సీట్లు మడిచి స్ట్రెచరు బిగించాలిట. కంపెనీ వాళ్ళు ఒక్క రోజుకే టికెట్టు కొన్నారు, ఆ రోజు తప్పితే మళ్ళీ మమ్మల్ని అడగొద్దన్నారు. పక్కన ఇంటి మనిషి లేకుండా ఎక్కించరు. ఇక ఆసుపత్రిలో మా వంతు డబ్బు కట్టి, అసలు పాస్‌పోర్టులు చూపిస్తేనే ఆయన్ని మంచం దింపుతారు. కాబట్టి ఆ రోజుదాకా డబ్బూ కాగితాలూ కంటికి రెప్పలా కాచుకోవడమే మా ఇద్దరి పని.

ఆ పని నాకు ఎలాగూ అప్పజెప్పరు. విమానంలోనే నా పరువు నేను తీసుకున్నాను. పక్కసీటావిడ "ఎక్కడికమ్మా" అన్న పాపానికి ఆయన పడటం, అప్పు పుట్టడం, ఆ డబ్బు వదిన చేతిసంచిలో ఉండటం అన్నీ చెప్పేశాను. వదిన నా తొడ మీద గిల్లిన గిల్లుడు వారందాకా మానలేదు. దిగగానే నా పాస్‌పోర్టు కూడా లాక్కుంది.

"ఎక్కడ పెడుతున్నానో నీకు చెప్పను మరదలా. నీకు తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా మొగుడి కాగితాలు నాకు తెలియకూడదా? కానీ ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

మేం దిగిన లాడ్జి గదికి గడియ ఉంది గానీ అది చెక్కలో దిగదు. ఒక ఇనప మంచం, ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీ, మూత విరిగిన బాత్రూం తొట్టి. ఏదీ గదిలో వదిలి వెళ్ళడానికి లేదు. మర్నాడు ఆసుపత్రిలో కాగితాలన్నీ చూపించి, ఆయన పాస్‌పోర్టు కూడా తీసుకుని వచ్చాక, నన్ను స్నానానికి తరిమి, నేను తిరిగొచ్చేసరికి వదిన మంచం మీద నా లంగా పరుచుకుని అడుగు మడత చేత్తో కుడుతోంది. ఈ ఊరి గాలికి నా చీర ఎగిరి పిక్కలు బయటపడుతున్నాయట, చూడలేక చస్తోందట. బరువు కోసం కాలర్లో వేసే కాన్వాసు వేశానంది. ఉతికితే కాన్వాసు ముడుచుకుపోతుంది, ఇల్లు చేరేదాకా ఒంటి మీంచి తియ్యొద్దంది.

కట్టుకుంటే గోనెసంచి చుట్టుకున్నట్టుంది. నడిస్తే టపటపా కాళ్ళకి కొట్టుకుంటుంది. ఉల్లిపాయల బస్తా మూతి కుట్టినట్టు కుట్టావేమిటి వదినా అని ఎగతాళి చేశాను. వదిన పెదాల మధ్య సూదులున్నాయి కదా, జవాబు రాలేదు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున ఆసుపత్రి మెట్లెక్కుతుంటే వదిన వెనక్కి తిరిగి "ఏమే మరద" అంది. ఆ మాట పూర్తి కాలేదు. మూతి ఒక పక్కకి జారింది. కుడికాలు కింద మెట్టు మీదే ఉండిపోయింది. నేను పట్టుకునేలోపే నా మీదికి ఒరిగి, ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం. అత్యవసర గదిలోకి తీసుకెళ్ళి, వదిన చీరా లంగా కత్తెరతో కోసి, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతిలో పెట్టారు. అవి తడిసి కంపు కొడుతున్నాయి. మళ్ళీ కట్టే బట్టలు కావు కదా అని గుమ్మం పక్కనున్న చెత్తడబ్బాలో పడేసి లోపలికి పరిగెత్తాను.

అక్కడ మన భాష నాలుగు ముక్కలు వచ్చిన నర్సు ఒకావిడ ఉంది. తల్లి లాంటి మనిషి. వదినకు తలలో రక్తం గడ్డకట్టిందని, కుడివైపు పడిపోయిందని, మాట పోయిందని ఆవిడే చెప్పింది. వైద్యం ఆగదు, ఖర్చు సంగతి తర్వాత చూస్తారు, కానీ చాలా రోజులు కదపకూడదంది. మాట వస్తుందా అంటే రావచ్చు, ఇప్పుడే కాదంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. కాసేపు వదిన కోసమే ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఆ తర్వాత డిశ్చార్జి కౌంటరు దగ్గర మనిషి పిలిచి, రేపు మధ్యాహ్నంలోపు పాస్‌పోర్టులూ డబ్బూ తెస్తేనే మీ ఆయన్ని కిందికి దింపుతామని నర్సు చేత చెప్పించాడు. అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే. ఆవిడకి నోరు లేదు.

ముందు వదిన చేతిసంచి బోర్లించాను. దువ్వెన, టేపు, కత్తెర, దారపుండలు, సగం తిన్న బిస్కెట్టు పొట్లం. లాడ్జికి పరిగెత్తి పెట్టె అడుగు గుడ్డ చింపాను. పరుపు కోసి దూది పీకాను. బాత్రూం తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. మంచం కోళ్ళు బోలుగా ఉన్నాయేమోనని తలకిందులు చేసి కొట్టాను. దూది అంతా గదినిండా ఎగురుతుంటే లాడ్జి ఆయన వచ్చి నోరెళ్ళబెట్టాడు. కొట్టేసింది ఆయనే అని నాకు అనుమానం. కాదు, విమానంలో ఆ పక్కసీటావిడే అని మరో అనుమానం. నా నోరే నన్ను ముంచిందని అనుకున్నాను.

పై అంతస్తులో ఉన్న ఆయనకి చెప్పకుండా ఉండలేకపోయాను. నేను ఎప్పుడు ఏం దాచాను గనక. ఆయన మొదట అక్క కోసం ఏడ్చారు.

"అక్క దాస్తే యముడు కూడా వెతకలేడే" అన్నారు. "నన్నిక్కడే వదిలేసి నువ్వు అక్కని చూసుకో" అన్నారు.

వదిలేయడానికి ఆయనేమైనా గొడుగా? కోపంతో మెట్లు దిగి వదిన దగ్గరికొచ్చాను. కళ్ళు తెరిచే ఉంది. ఎక్కడ పెట్టావు వదినా, పెట్టెలోనా, గదిలోనా, ఎవరికైనా ఇచ్చావా, అవునంటే కళ్ళు మూయి అని అడిగాను. ఆవిడ కళ్ళు మూయదు. ఎడంచెయ్యి మాత్రం మంచం మీంచి జారవిడిచి నా మోకాళ్ళ దగ్గర చీర పట్టుకుని లాగుతుంది. మూత్రానికి అడుగుతోందనుకుని నర్సు గిన్నె తెచ్చి పెట్టింది. పెట్టిన ప్రతిసారీ వదిన ముఖం గోడవైపు తిప్పేసుకుంది, కంటి చివర నీళ్ళు. సిగ్గుపడుతోంది పాపం అనుకున్నాను.

చీకటి పడబోతుండగా నా బుర్ర వెలిగింది. జాకెట్లూ లంగాలూ కుట్టే మనిషి ఎక్కడ దాస్తుంది? తన లంగాలోనే కదా. దాన్ని నేనే చెత్తడబ్బాలో వేశాను.

డబ్బా ఖాళీగా ఉంది. ఆసుపత్రి వెనక చెత్త కుప్పపోసే చోటుంది, అక్కడ చేతులకి తొడుగులైనా లేకుండా సంచి తర్వాత సంచి విప్పాను. నెత్తురు గుడ్డలు, సూదులు, ఎవరో తినకుండా వదిలేసిన అన్నం. కావలివాడు అరుస్తుంటే వాడి భాషలో వాడూ నా భాషలో నేనూ తిట్టుకున్నాం. చివరికి దొరికింది. నడుం పట్టీ పళ్ళతో కొరికి చింపాను. లోపల చిన్న జేబుంది. జేబులో రక్తపోటు మాత్రల అట్ట, ఒక్కటీ వాడలేదు. బస్సుకి చిల్లర. ఇంకేం లేదు.

ఆ మాత్రలు పట్టుకుని చెత్తలోనే కూర్చున్నాను. ఇక్కడికొచ్చాక ఆవిడ ఒక్క మాత్రా వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదో నాకిప్పటికీ తెలియదు. మాత్రలేసుకుంటే మత్తొస్తుంది, మత్తొస్తే కాపలా ఎవరుంటారనుకుందో ఏమో. ఉన్న దేవుళ్ళందరినీ తిట్టాను. వాళ్ళయిపోయాక వదినని తిట్టాను.

తెల్లవారాక నర్సు ఇచ్చిన టీ చేతిలో చల్లారిపోతుంటే వదిన మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అయితే అంతా అయిపోతుంది. ఆయన ఆ మంచం మీదే ఉంటారు, కంపెనీ చేతులు దులుపుకుంటుంది, నేను పరాయి దేశంలో ఇద్దరు లేవలేని మనుషుల మధ్య మెట్లెక్కి దిగుతూ ముసలిదాన్నవుతాను.

అప్పుడు ఇన్నేళ్ళదీ కక్కేశాను. నన్ను నమ్మి ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది వదినా, నేను పరాయిదాన్నా, నీ తమ్ముడి చేత తాళి కట్టించుకున్నదాన్ని కానా అన్నాను. నీ గుట్టు నిన్నే మింగింది, నీతోపాటు నీ తమ్ముణ్ణీ మింగింది అన్నాను. వదిన వింటోంది. మూతి వంకర పోయింది గానీ చెవులకేం కాలేదు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

ఎడంచెయ్యి మళ్ళీ కిందికి జారింది. నర్సు గిన్నె కోసం లేచింది. వదిన ఈసారి చీరని కాదు, చీర కిందకి వెళ్ళి లంగా అంచు దొరకబుచ్చుకుంది. గోళ్ళతో మడత పొడుగునా తడుముకుంటూ పోయి, ఒక చోట ఆగింది. రెండు వేళ్ళ మధ్య ఒక దారపు కొస. పట్టుకుని లాగింది.

రోజూ తెల్లారుజామున నేను చేసే పనే అది. ఉల్లిపాయల బస్తా మూతికి వేసేది గొలుసు కుట్టు. సరైన కొస దొరికితే ఒక్క లాగుకి మూతి అంతా సర్రున ఊడిపోతుంది. నా లంగా అడుగు అలాగే ఊడింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మూడు పాస్‌పోర్టులు ఒకదాని వెనక ఒకటి నా కాళ్ళ దగ్గర నేల మీద పడ్డాయి. తర్వాత టికెట్లు. తర్వాత డబ్బు, పలచగా పరిచి కుట్టింది కాబట్టి వరసగా.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు. నేను ఒంటి మీద కట్టుకుని చెత్తంతా వెతికాను. గిన్నె పట్టుకుని నర్సు అక్కడే నిలబడిపోయింది.

వదిన నా నోటిని నమ్మలేదు. అందుకని నోటికి చెప్పకుండా ఒంటికి అప్పజెప్పింది. ఆవిడ చేతిసంచి ఎవడైనా లాక్కుపోవచ్చు, ఆవిడే పడిపోవచ్చు. వాగుడుకాయ లంగాని ఎవడు ముట్టుకుంటాడు? ఇవన్నీ నేను ఊహించుకున్నవే. ఆవిడ అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్పనూ లేదు. నేను ఆ ఎడంచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వదిన వేళ్ళు విడిపించుకుని, కింద పడ్డవాటి వైపు చూపించి, పైకి, ఆయన ఉన్న అంతస్తు వైపు చూపించింది. వెళ్ళమని.

వెళ్ళాలి. నేను వెళ్ళకపోతే ఆయన ఎక్కలేరు. వెళ్తే ఈవిడ ఇక్కడ మాట లేకుండా, భాష రాని చోట, ఒంటరిగా. ఆయన్ని ఇంట్లో దింపి తిరిగొస్తానని చెప్పాను. అప్పు మళ్ళీ పుట్టాలి, టికెట్టు మళ్ళీ కొనాలి. అది ఎంత కష్టమో నాకు తెలుసు, వదినకి నాకంటే బాగా తెలుసు. అయినా తల ఊపింది.

కౌంటరులో కట్టాల్సింది కట్టాను, వదిన పాస్‌పోర్టు నకలు తీయించి నర్సుకిచ్చాను. అసలుది, మిగిలిన డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి? లాడ్జి ఆయన చేతిలోనా, కౌంటరు మనిషి చేతిలోనా? వదిన సంచిలోంచి సూదీ దారమూ తీశాను. పుట్టి బుద్ధెరిగాక బొత్తాం కూడా కుట్టుకున్నదాన్ని కాదు. వదిన కప్పుకున్న శాలువా ఎడంపక్క మూల మడిచి, లోపల పెట్టి కుట్టాను. వేలు రెండుసార్లు పొడుచుకున్నాను. కుట్లు వంకరటింకరగా, నడక నేర్చిన కోడిపిల్ల అడుగుల్లా వచ్చాయి. వదిన వాటిని వేళ్ళతో తడిమి చూసి, ఇంత కష్టంలోనూ ముఖం చిట్లించింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దారపు కొస ఎక్కడుందో ఆవిడ వేళ్ళకి చూపించాను. పట్టుకుంది.

సాయంత్రం విమానంలో ఆయన్ని స్ట్రెచరు మీద బిగించారు. ఆయన కళ్ళు మూసుకుని అక్కా అక్కా అంటున్నారు. నా లంగా అంచు ఊడిపోయి వేలాడుతోంది, నడిస్తే కాళ్ళకేమీ తగలడం లేదు. పక్కసీటులో ఒక పెద్దావిడ మనవాళ్ళలాగే ఉంది. మీ ఆయనా అమ్మా, ఏమైంది, మీతో ఇంకెవరూ రాలేదా అని అడిగింది.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.