జాబితాలో లేని పేరు

మా కౌంటీలో పిస్తోలు కొనాలంటే ముందు షెరీఫ్ ఆఫీసులో పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాలి. ఈ మనిషి నడవడిక మంచిదేనని ఇద్దరు సంతకాలు చెయ్యాలి. తర్వాత కూర్చుని ఎదురుచూడాలి. నాడీన్ నలభై ఏడు రోజులు ఎదురుచూసింది. నలభై ఒకటో రోజు మధ్యాహ్నం, ఎప్పుడో విడాకులిచ్చిన మొగుడు వంటింటి తలుపు పగలగొట్టుకుని లోపలికొచ్చాడు.

నేను స్కూలు బస్సు నడుపుతాను. నా రూటులో చిట్టచివరి ఇల్లు నాడీన్‌ది. ఆ రోజు వాళ్ళ పిల్లను దించడానికి బస్సు ఆపేసరికి నాడీన్ మెట్ల మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో పట్టుకుంది. వెనకాల తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. బస్సు చప్పుడు విని వాడు పెరటివైపు నుంచి పారిపోయాడట.

"పిల్లను దించకు వర్లా" అంది నాడీన్. అంతే అంది.

తల్లినీ పిల్లనూ అదే బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రూటు తప్పి బస్సు నడిపినందుకు స్కూలువాళ్ళు నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాన్ని వాళ్ళ ఎదురుగానే చింపాను. షెరీఫ్ ఆఫీసు పోలీసు నాడీన్ ఇంటికి చేరడానికి నలభై నిమిషాలు పట్టిందని తర్వాత తెలిసింది. పారిపోయినవాణ్ణి మర్నాడు పట్టుకున్నారు. ఆరు రోజుల తర్వాత నాడీన్‌కు పోస్టులో పర్మిట్ వచ్చింది. చేతికి పిండికట్టుతోనే దాన్ని తీసుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించింది.

"ఎందుకే అది అక్కడ?" అన్నాను.

"పాలు తీసుకునేటప్పుడల్లా కోపం రావాలని."

ఆ పర్మిట్ చట్టాన్ని ఎత్తెయ్యాలని ఆరేళ్ళుగా ప్రతి జనవరిలోనూ రాష్ట్ర చట్టసభలో ఒక బిల్లు వస్తుంది. ఆరేళ్ళుగా అది ఒకే కమిటీకి వెళ్ళి, ఒకే సొరుగులో పడుకుంటుంది. ఆ కమిటీ పెద్ద ఎవరో కాదు, మేం ఓట్లేసి పంపిన ఆర్వల్ పికెట్. ఏటా వేట మొదలయ్యే రోజుల్లో మా గన్ క్లబ్బుకు వస్తాడు. జింక మాంసం పులుసు రెండు గిన్నెలు తాగుతాడు. "నేను మీవాణ్ణే" అంటాడు. మావాళ్ళు చప్పట్లు కొడతారు. సొరుగు సంగతి ఒక్కడూ అడగడు.

నేను అడిగాను. నాడీన్‌ను వెంటబెట్టుకుని కమిటీ ముందు మాట్లాడటానికి రాజధానికి వెళ్ళాను. నాలుగు గంటల ప్రయాణం. మనిషికి రెండు నిమిషాలు ఇచ్చారు. నాడీన్ తన కథలో తలుపు పగిలిన చోటికి వచ్చేసరికి ఆర్వల్ గడియారం చూసుకున్నాడు. "చాలా బాధాకరమైన విషయమమ్మా. తప్పకుండా పరిశీలిస్తాం" అని, తర్వాతి పేరు పిలిచాడు.

తిరుగు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. నాడీన్ కాఫీ కప్పు పట్టుకుని ఏడవకుండా కూర్చుంది. ఏడిస్తే నాకు బాగుండేది.

"మేలో ఆయన మీద పోటీకి నేను నిలబడతాను" అన్నాను.

"నువ్వా?"

"ఏం, బస్సు సీట్లో పట్టినదాన్ని ఆ కుర్చీలో పట్టనా?"

మా దగ్గర రెండో పార్టీవాళ్ళు మనిషిని నిలబెట్టడం ఎప్పుడో మానేశారు. మేలో మా పార్టీలోపల జరిగే ప్రైమరీలో ఎవరు గెలిస్తే వాళ్ళే నవంబరులోనూ గెలుస్తారు. ఆ ప్రైమరీలో ఓటు కావాలంటే ఏప్రిల్ పన్నెండు లోపల ఓటరుగా, ఆ పార్టీ మనిషిగా పేరు నమోదు చేయించుకోవాలి. ఒక పేజీ ఫారం, కింద ఒక సంతకం. ఇంతే పని.

ఓటర్ల జాబితా కోసం కౌంటీ క్లర్కు ఇర్మా కెస్లర్ దగ్గరికి వెళ్ళాను. ఆమె జాబితా తెచ్చి బల్ల మీద పెట్టి, మీద చెయ్యి తియ్యలేదు.

"నేను నీ వైపు లేను వర్లా. మా అక్క కొడుకు పొరుగు రాష్ట్రంలో పొద్దున పిస్తోలు కొని సాయంత్రానికి తనను తాను కాల్చుకున్నాడు. ఓ నెల ఆగమని ఎవరైనా అని ఉంటే వాడు ఉండేవాడని నా నమ్మకం."

"మరి నాడీన్‌ను ఆగమన్నారు కదా ఇర్మా."

"తెలుసు" అంది. చెయ్యి తీసేసింది. "జాబితా అడిగే హక్కు నీకుంది. తీసుకో."

ఆవిడ బాధ అబద్ధమని నేను ఏ రోజూ అనలేదు. నాడీన్ విరిగిన చెయ్యి కూడా నిజమే. నేను ఎత్తుకున్నది నాడీన్ పని.

ఆ రాత్రే జాబితాను క్లబ్బు పుస్తకం పక్కన పెట్టి చూశాను. క్లబ్బులో సభ్యులు రెండు వందల పన్నెండుమంది. ప్రైమరీలో ఓటున్నవాళ్ళు ముప్ఫై ఎనిమిదిమంది. రెండోసారి లెక్కపెట్టాను. అంతే వచ్చింది. ఇన్నేళ్ళుగా హక్కులు హక్కులని గోడలదిరేలా అరుస్తున్న మగాళ్ళందరికీ కలిపి ముప్ఫై ఎనిమిది ఓట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం క్లబ్బులో కాఫీ బల్ల దగ్గర నిలబడి ఆ అంకె చదివాను. ముసలి హాబ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన క్లబ్బు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు.

"అమ్మాయ్, జాబితాలో పేరెక్కించుకోవడం మా పద్ధతి కాదు. ఇవాళ జాబితా రాస్తారు, రేపు అదే పట్టుకుని మన తుపాకుల కోసం గుమ్మంలోకొస్తారు."

"అదీ మాట" అన్నాడు నా తమ్ముడు డెల్మర్ వెనకనుంచి. "గవర్నమెంటు దగ్గర నా పేరు ఎంత తక్కువుంటే నాకంత మంచి నిద్ర."

డెల్మర్ సంగతి చెప్పాలి. వాడి ట్రక్కు వెనక అద్దం మీద తుపాకి స్టిక్కర్లు తప్ప అద్దం కనపడదు. క్లబ్బులో అందరికంటే పెద్ద గొంతు వాడిదే. ఇంకో అలవాటు కూడా ఉంది: ఏ కాగితం చేతికిచ్చినా మడిచి టోపీ లోపలి పట్టీలో దోపుకుంటాడు. ప్యాంటుకు నాలుగు జేబులుండీ ఏం లాభమో వాడికే తెలియాలి.

"ఒరేయ్, ఆ టోపీ ఇలా తే" అన్నాను.

"ఎందుకు?"

"తెమ్మన్నానా?"

ఇచ్చాడు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాను. చేపల లైసెన్సు. జింక వేట లైసెన్సు. పడవ రిజిస్ట్రేషన్ కార్డు. "ఇవన్నీ ఎవరిచ్చార్రా నీకు? దేవదూతలొచ్చి ఇచ్చి వెళ్ళారా? నీ పేరు, పుట్టినరోజు, కళ్ళ రంగు కూడా రాసుంది వీటి మీద. చేపల కోసమైతే ఎన్ని జాబితాలైనా ఎక్కుతావు. నాడీన్ కోసం ఒక్కటి ఎక్కలేవా?"

హాబ్ ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. డెల్మర్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. నాడీన్ మాత్రం నవ్వలేదు. గోడవార కుర్చీలోంచి లేచి వచ్చి, ఇంకా సరిగ్గా మూసుకోని కుడిచేత్తో ఫారాల కట్ట ఎత్తి, వరసగా ఒక్కొక్కరి ముందూ ఒక్కోటి పెట్టింది. హాబ్ జేబులోంచి కలం తీశాడు.

డెల్మర్ తన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీలో దోపాడు. "ఇంటి దగ్గర తాపీగా నింపి పంపిస్తాలే అక్కా."

ఏప్రిల్ పన్నెండు నాటికి నూట ముప్ఫై ఒక్క ఫారాలు ఇర్మా బల్ల మీద పెట్టాను. ఆమె ప్రతిదాన్నీ ముద్ర వేసి తీసుకుంది. పొద్దున బస్సు, మధ్యాహ్నం బస్సు, ఆ రెండింటి తర్వాత ఇల్లిల్లూ తిరగడం. ప్రతి ఇంటి కుక్క పేరూ నాకు తెలుసు కాబట్టి గేటు దగ్గర ఆగక్కర్లేకపోయింది. కొన్ని ఇళ్ళలో మొహం మీదే తలుపేశారు. ఒకావిడ ఇర్మా చెప్పినలాంటిదే తన ఇంటి సంగతి చెప్పి ఏడిస్తే అరగంట ఆమె దగ్గర కూర్చున్నాను. ఓటు అడగకుండా వచ్చేశాను.

డెల్మర్ చేసినంత చాకిరీ ఎవరూ చెయ్యలేదు. అబద్ధమెందుకు చెప్పాలి? చెక్కలు కోసి, నా పేరు రంగుతో రాసి, కౌంటీలో ప్రతి మలుపులోనూ పాతాడు. వానలో పడిపోతే మళ్ళీ పాతాడు. ఫారం పంపావా అని రెండుసార్లు అడిగాను.

"అది నేను చూసుకున్నాలే. నువ్వు నీ పని చూసుకో."

సొంత తమ్ముడు కదా. ఆ మాట నమ్మాను. నూట ముప్ఫై ఒక్కమంది ఫారాలు చేత్తో తీసుకున్నదాన్ని, వాడిది మాత్రం తీసుకోలేదు.

ప్రైమరీ రోజున వాడు ట్రక్కులో ముసలివాళ్ళను తెచ్చి దించుతూనే ఉన్నాడు. సాయంత్రం లెక్క తేలింది. ఆర్వల్ పికెట్‌కు వెయ్యిన్నీ నాలుగు వందల పందొమ్మిది. నాకు వెయ్యిన్నీ నాలుగు వందల పందొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టమన్నాం. వారం తర్వాత కూడా ఒక్క ఓటు అటు కదల్లేదు, ఇటు కదల్లేదు.

సమానమొస్తే మా దగ్గర చీటీ తీస్తారు. రెండు కాగితాల మీద రెండు పేర్లు రాసి, మడిచి, టోపీలో వేసి, క్లర్కు కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. పోటీలో ఉన్నవాళ్ళ టోపీ పనికిరాదు. వచ్చినవాళ్ళలో ఎవరిదైనా ఇవ్వాలి.

సోమవారం పదింటికి ఇర్మా ఆఫీసు నిండిపోయింది. ఆర్వల్ కొత్త కోటు వేసుకొచ్చాడు, పై పెదవి మీద చెమట పట్టింది. ఆయన్ని అలా చూడటం అదే మొదలు. నాడీన్ నా పక్కన నిలబడి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరైనా టోపీ ఇస్తారా?" అంది ఇర్మా.

"నాది తీసుకోండి" అన్నాడు డెల్మర్. ముందుకు దూకి, గర్వంగా తల మీంచి తీసి ఇచ్చాడు.

టోపీ ఖాళీగా ఉందని అందరికీ చూపించడం నియమం. ఇర్మా దాన్ని తిరగేసింది. పట్టీలోంచి లైసెన్సులు తీసి పక్కన పెట్టింది. చివరగా నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చింది. చెమటకు అంచులు పసుపుపచ్చగా అయ్యాయి. ఇంకేదైనా చీటీ అనుకుందేమో, విప్పింది. ఓటరు నమోదు ఫారం అని మీద అచ్చులో ఉన్న అక్షరాలు నాకు బల్ల ఇవతలినుంచే కనపడ్డాయి. పేరు దగ్గర ఖాళీ. సంతకం దగ్గర ఖాళీ.

ఇర్మా నా వైపు చూసింది, వాడి వైపు చూసింది. కాగితాన్ని బోర్లించింది. ఆవిడ నా వైపు మనిషి కాదు. అయినా ఆ క్షణంలో ఆవిడకే దయ కలిగింది, నాకు కలగలేదు. అక్కడే వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

డెల్మర్ నోరు తెరిచాడు. "అక్కా, నేను..."

"నోరు ముయ్యి."

ఇర్మా రెండు చీటీలూ టోపీలో వేసి, కదిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. ఆర్వల్ పికెట్ అని చదివింది.

నాడీన్ చెయ్యి నా మోచేతి మీద బిగుసుకుంది. వదల్లేదు. ఆర్వల్ కోటు చేత్తో పెదవి తుడుచుకుని వచ్చి చెయ్యి చాపాడు. "హడలగొట్టేశావమ్మా. ఆ బిల్లు గురించి జనవరిలో మాట్లాడదాం."

"ఆరు జనవరుల నుంచి మాట్లాడుతూనే ఉన్నారు గదండీ" అన్నాను. "ఈసారి మాట్లాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మిమ్మల్ని గెలిపించింది చీటీ. రెండేళ్ళలో మళ్ళీ మే ఎన్నిక వస్తుంది."

ఆయన నవ్వబోయి మానేశాడు. కోటు సర్దుకుని వెళ్ళిపోయాడు.

జనం పల్చబడ్డాక డెల్మర్ బల్ల దగ్గర మిగిలాడు. బోర్లించిన ఫారం అక్కడే ఉంది. యాభై రెండేళ్ళ మనిషి, బోడితలతో, బడిలో దెబ్బలు తినబోయేవాడిలా నిలబడ్డాడు.

"నా ఒక్కడిది దేనికి పనికొస్తుందిలే అనుకున్నానక్కా. అందరిచేతా వేయిస్తున్నాను కదా అనుకున్నాను."

"నాకు చెప్పకు. నాడీన్‌కు చెప్పు."

నాడీన్ వైపు తిరిగాడు. ఆమె ఫారాన్ని తిప్పి, మడతలు చేత్తో సాపు చేసి, వాడి ముందుకు జరిపింది.

"ఇది ఇప్పటికీ చెల్లుతుందా ఇర్మా గారూ?" అని అడిగింది.

"ఈ ఎన్నికకు చెల్లదు. వచ్చేదానికి చెల్లుతుంది."

డెల్మర్ కలం తీసుకున్నాడు. వాణ్ణి అలా చూసి కూడా నాకు జాలి వెయ్యలేదు. అది తర్వాత ఎప్పుడో వేసింది.

"పూర్తి పేరు రాయి" అన్నాను. "అందరికీ చదవడానికి వచ్చేలా."

రాశాడు. ఇర్మా ముద్ర వేసింది.

"క్లబ్బులో ఇంకా నలభై రెండుమంది మిగిలారు" అన్నాను ఆమెతో. "కొండవతల రోడ్డు మొత్తం నేను తిరగనేలేదు. మూడు వందల ఫారాలు కావాలి."

ఇర్మా నన్ను ఒక్క క్షణం చూసి, లోపలికెళ్ళి రెండు కట్టలు తెచ్చింది. లెక్కపెట్టి ఇచ్చింది. ఒక్కటి తక్కువ పెట్టలేదు.

డెల్మర్ టోపీ తీసి తల మీద పెట్టుకోబోయాడు. వాడి చేతిలోంచి లాక్కుని, తిరగేసి, అందులో పట్టినన్ని ఫారాలు కుక్కాను. మిగిలినవి నాడీన్ ఎత్తుకుంది. మధ్యాహ్నం బస్సుకు ఇంకా రెండు గంటల టైముంది. కొండవతల మొదటి ఇల్లు పావుగంట దూరం.

"ట్రక్కు తియ్యి" అన్నాను.