గ్లౌజు తీసిన చెయ్యి

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి! మెడ రక్తనాళాల్లో కొవ్వు గార ఎందుకు కడుతుందో తేల్చాలని పన్నెండేళ్ళుగా ల్యాబులో ఒకే ప్రొటీన్‌ను పట్టుకుని వేలాడింది. తేలింది లేదు. ఆమే బతిమాలి అదే ల్యాబులో చేర్పించిన తోడికోడలు మాత్రం మూడేళ్ళు తిరక్కుండా జవాబు పట్టేసింది. అదీ దేనితో? ఏ ప్రొటీనూ తయారుచేయని, చెత్త అని అందరూ పక్కన పడేసిన ఒక ఆర్‌ఎన్‌ఏ పోగుతో! అది తగ్గిన చోటల్లా గార పెరిగిందట.

"మా చిన్నది కనిపెట్టింది" అని అత్తగారు ఫోన్లో చుట్టాలందరికీ చాటింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అంటారు. ఇక్కడ చిన్నది నవ్వను కూడా లేదు. "అంతా అక్క నేర్పిన పనే అత్తయ్యా" అంది. దాంతో పెద్దదానికి ఇంకా మండింది.

వ్యాసం పత్రికకు పంపే ముందు అదే పరీక్ష ఇంకొకరు చేసి చూడాలని పెద్దదాన్ని పిలిచాడు ల్యాబు పెద్దాయన.

"చిన్నది తీసిపెట్టిన ఆర్‌ఎన్‌ఏలో మిగిలిన ఆరు ట్యూబులూ నువ్వే పరీక్షించమ్మా. నీ చేతి మీద నాకు నమ్మకం."

చిన్నదాని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ వ్యాసమే తేల్చాలి. ఆ సంగతి పెద్దదానికి బాగా తెలుసు.

ఆర్‌ఎన్‌ఏను వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చర్మం మీది ఎంజైము దాన్ని ఇట్టే కొరికి పారేస్తుంది. చిన్నదానికి ఈ మొదటి పాఠం చెప్పిందీ పెద్దదే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. "ఛీ, నీకేం పోయేకాలమే" అని పెద్దది తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే కుడిచేతి గ్లౌజు తీసింది. ఆరు మూతల లోపలివైపూ వేలితో రాసి, బిగించి, ట్యూబులు తలకిందులు చేసింది.

మర్నాడు తెర మీద ఆర్‌ఎన్‌ఏ గీతలు ఉండాల్సిన చోట మసక మరకలు తప్ప ఏమీ లేవు. పెద్దాయన ముఖం మాడింది.

"ట్యూబులే పాడైతే పాత ఫలితాన్ని మాత్రం ఎలా నమ్మను?"

చిన్నదాని కళ్ళు నిండాయి. "అక్క చేతిలో తప్పు జరగదు సార్. నేనే ఎప్పుడో చూసుకోకుండా ముట్టుకుని ఉంటాను. వ్యాసం ఆపేయండి."

పెద్దది ముందుకొచ్చింది. వ్యాసం ఆగకుండా చూడటానికి ఒక్క మాట చాలు.

"కాదు సార్. నేనే గ్లౌజు తీసి ముట్టుకున్నాను."

చిన్నది ఆమెను గట్టిగా వాటేసుకుంది. "చూశారా సార్! నా ఉద్యోగం పోతుందని నా తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. ఊరుకో అక్కా."

"తోడికోడలంటే నువ్వేనమ్మా" అన్నాడు పెద్దాయన.

పన్నెండేళ్ళలో ఆయన ఆమెను ఇంతగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! రెండోసారి నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.